కింది అంకె

మెసయీద్ నుంచి దోహా వెళ్ళే దారిలో ఒక స్పీడ్ కెమెరా ఉంది. అది దాటేటప్పుడు ఇప్పటికీ నా కుడికాలు దానంతటదే పైకి లేస్తుంది. స్టీరింగ్ ఇంకొకరి చేతిలో ఉండి, నేను వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని ఉన్నా సరే, లేస్తుంది. పక్కవాడు ఏమైందని అడిగితే తిమ్మిరెక్కిందని చెబుతాను. భయమని చెప్పుకోవడానికి నలభై దాటిన మగవాడికి నోరెలా వస్తుంది?

మాది రాయచోటి పక్క ఒక చిన్న పల్లె. ఖతర్‌కు నేను వచ్చింది హౌస్ డ్రైవర్‌గా. దోహా అంచున ఐన్ ఖాలిద్‌లో పెద్ద ఇల్లు, ఆరుగురు పిల్లలు, మూడు కార్లు. పిల్లల్ని బడికి దింపడం, మేడమ్‌ను చుట్టాల ఇళ్ళకు తీసుకుపోవడం, మధ్యలో కూరగాయలు, నీళ్ళ క్యాన్లు, మరిచిపోయిన స్కూల్ బ్యాగులు. రెండేళ్ళకు అదే ఇంట్లో వంటపనికి నా భార్యను కూడా పిలిపించారు. గేటు పక్క గది నాది, వంటింటి వెనక గది ఆమెది. ఒకే ఇంట్లో ఉన్నా మొగుడూ పెళ్ళాల్లా ఉండటానికి లేదు. అయినా పొద్దున టీ ఆమె చేతి మీదుగా అందేది, దాంతో ఆ రోజు గడిచిపోయేది. నాలుగేళ్ళు అలాగే వెళ్ళాయి. తర్వాత ఆ ఇంటి పెద్దకొడుక్కు లైసెన్స్ వచ్చింది, నా అవసరం తీరింది. మేడమ్ మంచిదే. ఊరికే పంపేయకుండా మెసయీద్‌లో ఒక కంపెనీలో డ్రైవర్ పని చూసిపెట్టింది. నా భార్య మాత్రం అక్కడే ఉండిపోయింది.

కంపెనీలో నాకు ఇంజినీర్ల కారు ఇచ్చారు. నాకు బస్సు లైసెన్స్ కూడా ఉంది కానీ బస్సు ఖాళీ లేదు. పనివాళ్ళం ఉండే క్యాంప్ బస్సు ఎప్పుడు ఖాళీ అయినా నీదే, లిస్టులో తర్వాతి పేరు నీదే అని ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి చెప్పి పెట్టాడు.

నా భార్యకు శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా సెలవు. వారం మొత్తానికి ఆ రెండు గంటలే. నాకూ శుక్రవారమే సెలవు. మరి క్యాంప్ నుంచి ఐన్ ఖాలిద్‌కు పోయేదెలా? మెట్రో అల్ వక్రా దాకా వచ్చి ఆగిపోతుంది, అటు మెసయీద్‌కు రాదు, ఇటు ఐన్ ఖాలిద్‌కు పోదు. ప్రతివారం టాక్సీ అంటే మాబోటి వాళ్ళకు అయ్యే పని కాదు. మొదటి రెండు నెలల్లో నేను ఆమె ముఖం చూసింది ఒకే ఒక్కసారి. రోజూ ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళం, కానీ ఫోన్‌లో మనిషి ముఖం వేరుగా ఉంటుంది. ఆమె చిక్కిపోయిందో, వెలుతురు తక్కువై అలా కనిపిస్తోందో తెలిసేది కాదు.

క్యాంప్ నుంచి ప్రతి శుక్రవారం ఒక ముప్ఫై సీట్ల బస్సు దోహాకు పోతుంది. పనివాళ్ళు బజారులో తిరిగి, ఇంటికి డబ్బు పంపుకుని, సాయంత్రానికి తిరిగొస్తారు. ఆ బస్సు నడిపేది జగిత్యాల వైపు మనిషి. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. ఏడేళ్ళు సైట్లో ఇసుక, సిమెంటు మోసి, ఎనిమిదో ఏట లైసెన్స్ టెస్టులో మూడుసార్లు తప్పి, నాలుగోసారి నెగ్గి ఆ సీటెక్కాడు. ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా దుబాయ్‌లో బస్సు నడుపుతున్నానని గొప్పగా చెప్పుకునేవాడు. ఇది దుబాయ్ కాదు కదన్నా అని నేను ఏడిపిస్తే, మా ఊరోళ్ళకు అంతా దుబాయే, ఇప్పుడు వాళ్ళకు భూగోళం చెప్పమంటావా అని నవ్వేవాడు.

శుక్రవారం ఆయనకు కావలసింది వేరు. మా క్యాంప్ గేటు దాటి రెండు కిలోమీటర్లు పోతే ఒక పెట్రోల్ బంకు, దాని వెనక ఇంకో కంపెనీ క్యాంప్. అక్కడ ఆయన జిల్లావాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. శుక్రవారం వాళ్ళు కోడికూర వండుకుంటారు, పేకాడతారు, ఊరి ముచ్చట్లు చెప్పుకుంటారు. ఆయనకు ఆ ముచ్చట్లు కావాలి, నాకు బస్సు కావాలి. ఇంకేం, బేరం కుదిరింది.

ఆయన తాళాల పుస్తకంలో సంతకం పెట్టి బస్సు తీసేవాడు. గేటు దగ్గర వాచ్‌మన్ తలలు లెక్కబెట్టి రాసుకునేవాడు. నేను అందరిలాగే ఒక సీట్లో కూర్చునేవాణ్ణి. బంకు దగ్గర అన్న దిగిపోయేవాడు, నేను డ్రైవర్ సీట్లోకి మారేవాణ్ణి. జనాన్ని బజారు దగ్గర దింపి, ఖాళీ బస్సుతో ఐన్ ఖాలిద్‌కు పోయేవాణ్ణి. అక్కడ మసీదు వెనక సందులో నీడ చూసి ఆపితే నా భార్య వచ్చి బస్సెక్కేది. ముందు వరుసలో పక్కపక్కన కూర్చుని ఆమె తెచ్చిన గిన్నె విప్పేవాళ్ళం. ఉగ్గాని ఒకవారం, చెనిక్కాయల పొడీ అన్నమూ ఒకవారం. మళ్ళీ నాలుగు గంటలకు బజారుకు పోయి అందరినీ ఎక్కించుకుని, వెలుతురుండగానే బంకు దగ్గర అన్నకు సీటు అప్పజెప్పేవాణ్ణి. ఐదు నెలలు ఇలా నడిచింది. బస్సులో వాళ్ళకు అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. అక్కడ ఒకరి శుక్రవారాన్ని ఇంకొకరు చెడగొట్టరు.

కంపెనీలో నియమం ఒకటే. తాళాల పుస్తకంలో సంతకం ఎవరిదో, ఆ బండి మీద వచ్చే తప్పూ వాళ్ళదే. మూడు తప్పులైతే స్టీరింగ్ నుంచి దింపేస్తారు. అన్నకు అప్పటికే రెండున్నాయి. ఒకటి కొత్తలో స్పీడ్‌కు, ఇంకొకటి ఎవడో వెనక సీట్లో బెల్టు పెట్టుకోనందుకు. మూడోది పడితే మళ్ళీ సిమెంటు బస్తాల దగ్గరికే. ఇది నాకు తెలుసు. తెలిసే ఆ సీట్లో కూర్చున్నాను, అదీ నా తెలివి.

ఆ దారిలో స్పీడ్ బోర్డు మీద రెండు అంకెలుంటాయి. పైన కారు బొమ్మ, పక్కన నూట ఇరవై. కింద లారీ, బస్సు బొమ్మలు, పక్కన ఎనభై. కెమెరాకు ఈ తేడా ఎలా తెలుస్తుందని డ్రైవర్లు తెగ వాదించుకుంటారు. బండి పొడవు కొలుస్తుందని ఒకడు, నంబర్ ప్లేటు చదివి ఏ రకం బండో పోల్చుకుంటుందని ఒకడు. ఎలాగైతేనేం, దానికి తెలుస్తుంది. టెస్టుకు చదువుకున్నప్పుడు నాకూ తెలుసు. కానీ వారంలో ఆరు రోజులు నేను అదే దారిలో కారు నడుపుతాను. ఆరేళ్ళ అలవాటు నా కళ్ళది, పై అంకె చదివి ముందుకు పోతాయి. కాలికీ అదే అలవాటు. కెమెరా స్తంభం కనిపించగానే ఒకసారి స్పీడు ముల్లు చూడటం, నూట ఇరవై లోపుంటే అలాగే పోనివ్వడం. ఐదు నెలలూ శుక్రవారాల్లో జాగ్రత్తగానే ఉన్నాను. ఎనభై మీదే పోయేవాణ్ణి, ఎందుకంటే ప్రతిసారీ సమయం ఉండేది.

ఆ శుక్రవారం సమయం లేదు. ఒంటిగంటకు బయల్దేరాల్సిన బస్సు, ఎవడో గుర్తింపు కార్డు గదిలో మరిచిపోయి వెనక్కి పరిగెత్తడంతో ఆగింది. వాడు వచ్చేసరికి ఇంకొకడు టాయిలెట్‌కు పోయాడు. వాడొచ్చేలోగా ఇంకెవడో స్నేహితుడికి చోటు అడిగాడు. నేను సీట్లో కూర్చుని పళ్ళు నూరుకుంటున్నాను. గేటు దాటేసరికి ఒంటిగంటా నలభై. బంకు దగ్గర అన్న దిగుతూ, "పైలం తమ్మీ, లేటయిందని ఉరుక్కుంట పోకు," అన్నాడు. ఊ కొట్టాను. మనసంతా మసీదు వెనక సందులోనే ఉంది. ఆ ఎండలో నా భార్య గోడ పక్కన నిలబడి ఉంటుంది. ముందు వారం ఆమె రాలేదు, ఇంట్లో విందు ఉందని సెలవు ఇవ్వలేదు. అంటే పద్నాలుగు రోజులు.

బస్సు వంద దాటగానే డ్యాష్‌బోర్డు దగ్గర బీప్ మొదలవుతుంది. అది మోగుతూనే ఉంది. వెనక నుంచి ఎవరో బస్సు ఏడుస్తోందన్నా, పాలు పట్టు అని హిందీలో ఏడిపించారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ముల్లు నూటా పది మీద ఉంది. ఎడమ పక్కన ఒక పెద్ద తెల్లకారు మమ్మల్ని దాటుతోంది. కెమెరా స్తంభం కనిపించింది. అలవాటు ప్రకారం ముల్లు చూశాను. నూటా పది. పర్లేదు, ఇంకా పది తక్కువే ఉన్నాను అనుకుని కాలు తీయలేదు.

తెల్లగా మెరిసింది.

ముందు నాకు కోపం వచ్చింది. నేను లిమిట్ దాటలేదే, దీనికేం రోగం అనుకున్నాను. అప్పుడు నా చేతులు కనిపించాయి, చేతుల కింద స్టీరింగ్ కనిపించింది. అంత పెద్ద చక్రం కారుకు ఉండదు. కాలు తీశాను గానీ అప్పటికే స్తంభం వెనక్కి పోయింది. ఆ కిలోమీటరు ఎలా నడిపానో నాకు గుర్తులేదు. నా వెనకే, మొదటి వరుసలో నిర్మల్ వైపు ముసలి తాపీమేస్త్రీ ఉన్నాడు. ఫోటో దిగింది కదా అన్నాడు మెల్లగా. మనకు కాదులే పెద్దాయనా, ఆ తెల్లకారుకు అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

ఐన్ ఖాలిద్ చేరేసరికి రెండూ ముప్పావు. నా భార్య గోడ పక్కనే ఉంది, చెంగు తల మీద కప్పుకుని. బస్సెక్కి గిన్నె విప్పింది. నేను తినలేకపోయాను. వేళ్ళు అన్నంలో పెట్టి కలుపుతూ కూర్చున్నాను. జ్వరమా అని నుదురు పట్టి చూసింది. లేదన్నాను. కెమెరా సంగతి చెప్పలేదు. చెబితే వచ్చేవారం నుంచి రావొద్దంటుంది, నాకు తెలుసు. ఆమె అలాంటి మనిషి. మిగిలిన గంటంబావు నేను ఆమె మాటలు విన్నట్టే నటిస్తూ కూర్చున్నాను.

సాయంత్రం బంకు దగ్గర అన్న ఎక్కాడు, కూర వాసనతో, నవ్వు ముఖంతో. మేస్త్రీ నోరు తెరిచి, పోయేటప్పుడు దారిలో కెమెరా అని మొదలుపెట్టాడు. నేను అడ్డం పడ్డాను. "ఏమీ లేదులే అన్నా, పక్క బండికి మెరిసింటే ఈయన బయపడినాడు," అన్నాను. అన్న నా ముఖం వంక చూశాడు. సరేలే అని సీట్లో కూర్చున్నాడు. నా మాట నమ్మాడు. నేను ఇన్నేళ్ళలో చేసిన పనులన్నిటిలోకీ నాకు అసహ్యం వేసేది ఆ అడ్డం పడటమే.

కంపెనీ బండ్ల మీద పడే ఫైన్ల సందేశాలు ఆఫీసు ఫోన్‌కే వస్తాయి. మేం చూసుకోవడానికి లేదు. ఇన్‌చార్జి వాటన్నిటినీ కాగితం మీద తీసి ఆదివారం ఉదయం బండ్లు నిలిపే యార్డ్‌లో బోర్డుకు అంటిస్తాడు. బండి నంబరు, రోజు, గంట, తాళాల పుస్తకంలో ఉన్న పేరు. ఒక్కోసారి సందేశం రావడానికి వారం పైన పడుతుంది.

మొదటి ఆదివారం తెల్లవారకముందే లేచి యార్డ్‌కు పోయాను. ఇన్‌చార్జి కాగితం అంటించి వెనక్కి తిరిగేదాకా ఒక లారీ చాటున నిలబడ్డాను. మనుషులెవరూ లేరని చూసుకుని దగ్గరికి పోయి వేలు పెట్టి పై నుంచి కిందికి చదివాను. అన్న పేరు లేదు. మళ్ళీ చదివాను. బస్సు నంబరు లేదు. అక్కడే బోర్డుకు నుదురు ఆనించి కాసేపు నిలబడ్డాను. అయితే నిజంగానే తెల్లకారుకే అనుకున్నాను. ఆ ఊరట మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఇంకా రాలేదంతే, వస్తుంది అని లోపలి నుంచి ఎవరో చెబుతూనే ఉన్నారు.

ఆ వారం కారులో ఆ కెమెరా పక్క నుంచి రోజుకు రెండుసార్లు పోవాలి. సోమవారం నాటికి నేను కారు కూడా ఎనభై మీదే నడుపుతున్నాను. వెనకవాళ్ళు లైట్లు కొడుతున్నారు, హారన్లు కొడుతున్నారు. వెనక సీట్లో ఇంజినీరు మొదట ఓపిక పట్టాడు, తర్వాత కారు చెడిపోయిందా అని అడిగాడు, ఆ తర్వాత యల్లా యల్లా, పదపద అని సీటు తట్టాడు. మంగళవారం నాకు నూరు మీద పోవడానికి కూడా ధైర్యం చాల్లేదు. ఆ స్తంభం దగ్గరికొచ్చేసరికి చేతులు చెమటతో జారేవి. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. ఆఫీసు వైపు నుంచి ఎవరు నడిచి వచ్చినా నా కోసమే అనిపించేది. తిండి సయించేది కాదు. అన్న నా ఎదురుగా కూర్చుని తింటూ, ఏంది తమ్మీ చిక్కిపోతున్నవు అని తన గిన్నెలోంచి కూర వేసేవాడు. ఆ కూర మింగడమంత కష్టం నాకు ఇంకేదీ కాలేదు.

ఆ శుక్రవారం వంకపెట్టి వెళ్ళలేదు. కడుపునొప్పి అని గదిలో పడుకున్నాను. బస్సు అన్నే తీసుకుపోయాడు.

రెండో ఆదివారం నేను యార్డ్‌కు పోయేసరికి అన్న బోర్డు ముందు ఉన్నాడు. ఆయన వీపు చూసే నాకు అర్థమైపోయింది. పారిపోదామనిపించింది, యాడికి పారిపోతాను? ఆయన తిరిగి చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. కోపం ఉంటే బాగుండేది.

"ఆ దినమే ఎరుకనా నీకు?" అని అడిగాడు.

నేను తల ఊపాను.

"మరి పక్క బండికని ఎందుకన్నవ్? ఆ దినం చెప్తే ఏం జేద్దుమో ఇద్దరం ఆలోచన జేస్తుంటిమి."

ఆయన మళ్ళీ కాగితం వైపు చూసి, సంతకం నాది, నేనే నడిపినా అని చెప్త, నువ్వు మధ్యల రాకు, చెల్లె బాధపడతది అన్నాడు. చెల్లె అంటే నా భార్య. ఆమెను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె పంపిన చెనిక్కాయల పొడి తిన్నాడు, అంతే పరిచయం. నన్ను అక్కడే వదిలేసి ఆఫీసు వైపు నడిచాడు.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆయన ఆఫీసు తలుపు తీసి లోపలికి పోతుండగా నా బుర్రలో ఒక ఆలోచన తిరిగింది. అన్నను దింపేస్తే బస్సు ఖాళీ. లిస్టులో తర్వాతి పేరు నాది. ఇక మీదట సంతకం కూడా నాదే, దొంగతనంగా సీటు మారే పని లేదు. ప్రతి శుక్రవారం నా బస్సు, నా పెళ్ళాం, రెండు గంటలు. ఆ ఆలోచన ఎవరూ చెప్పకుండా, పిలవకుండా దానంతటదే వచ్చింది. దాన్ని నేను వెంటనే తరిమేశానని చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. ఆ రోజంతా అది నాతోనే ఉంది. కెమెరాకు నేను అంత భయపడలేదు, నాలో ఉన్న ఈ మనిషికి భయపడ్డాను.

మరుసటి రోజు మధ్యాహ్నం ఇన్‌చార్జి నన్ను పిలిపించాడు. ఆయన కేరళ మనిషి, హిందీలో తక్కువ మాట్లాడతాడు, మాట్లాడినంతా సూటిగా ఉంటుంది. టేబుల్ మీద బస్సు తాళాలు, పక్కన తాళాల పుస్తకం తెరిచి ఉంది. అన్నను దింపేశామని, ఇవాళ్టి నుంచి బస్సు నాదని చెప్పి, పెన్ను నా చేతికిచ్చాడు. అన్న ఆఖరి సంతకం కనిపిస్తోంది. లైసెన్స్ కోసం నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కోటి విడివిడిగా, బడిపిల్లాడి రాతలా. దాని కింద గీత మీద నేను సంతకం పెట్టాలి.

పెన్ను కాగితానికి ఆనించాను. ఇంత సిరా చుక్క పడింది. పెన్ను కింద పెట్టి, ఆ రోజు బస్సు నడిపింది నేనే అన్నాను. అన్నకు జ్వరం, ఆయన వద్దంటున్నా నేనే తాళాలు లాక్కున్నానని కూడా చేర్చాను. జ్వరం మాట అబద్ధమని ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. ఆయన సొరుగులోంచి కెమెరా ఫోటో తీసి నా ముందు పెట్టాడు. అందులో బస్సు ఒక్కటే ఉంది. తెల్లకారు లేదు. అద్దం మీద ఎండ పడి డ్రైవర్ ముఖం కనిపించడం లేదు. కింద నూటా పది అని, పక్కన ఎనభై అని ఉంది.

అరుస్తాడని, తిడతాడని, వీసా రద్దు చేసి ఇంటికి పంపుతానంటాడని ఎదురుచూశాను. వాటికి సిద్ధపడే వచ్చాను.

"ఆ రోజు బస్సులో ఎంతమంది ఉన్నారు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచాను. రెండూ ముప్పావుకు చేరానని చెప్పగలను. నా భార్యతో గంటంబావు దొరికిందని చెప్పగలను. ఆ ముందు పద్నాలుగు రోజులు ఆమెను చూడలేదని చెప్పగలను. నా వెనక ఎంతమంది కూర్చున్నారో నాకు తెలియదు. పాతిక ఉండొచ్చన్నాను. ఆయన గేటు పుస్తకం తీసి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించాడు. ఇరవై ఏడు. నన్ను కూడా కలుపుకుని. ఆ వేగంలో ముందు బండి ఆగితే బస్సు ఎంత దూరంలో ఆగుతుందో నీకు తెలుసా అని కూడా అడగలేదు. అడగనవసరం లేదు. టెస్టుకు అది కూడా చదివాను.

అన్నను సంతకం పెట్టి బస్సు ఇంకొకరికిచ్చినందుకు ఒక నెల పక్కన కూర్చోబెట్టారు. నెల తర్వాత బస్సు ఆయనకే ఇచ్చారు. నన్ను స్టీరింగ్ నుంచి తీసి యార్డ్‌లో బండ్లు కడిగే పనిలో వేశారు. యార్డ్‌కు శుక్రవారమే ఎక్కువ పని, వారమంతా తిరిగిన బండ్లన్నీ ఆ రోజే కడగాలి. అందుకని నా సెలవు మంగళవారానికి మారింది. నా భార్యది శుక్రవారమే. సెలవు మార్చమని మేడమ్‌ను అడిగింది, ఆ ఇంట్లో మంగళవారం కుదరదన్నారు. శుక్రవారం రెండు నుంచి రెండున్నర దాకా నాకు తిండికి విరామం. ఆ అరగంట ఫోన్ మాకు మిగిలింది.

మొదటి శుక్రవారం నీళ్ళ గొట్టం కట్టేసి, తడిబట్టలతోనే ఒక లారీ నీడలో కూర్చుని ఫోన్ చేశాను. అన్నీ చెప్పాను. బంకు దగ్గర సీటు మారడం ఆమెకు తెలుసు. కెమెరా తెలియదు, అన్నకు చెప్పిన అబద్ధం తెలియదు, ఆ రోజు నేను అన్నం ఎందుకు తినలేదో తెలియదు. నన్ను చూడటానికే కదా అంత ఆత్రంగా వచ్చాడు అని మెత్తబడుతుందని, నేను లోపల ఎక్కడో ఎదురుచూస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే అందుకే నీకోసమే వచ్చినా అన్న మాట రెండుసార్లు అన్నాను.

"ఎంతమందంట బస్సులో?" అంది.

"ఇరవై ఏడు."

"వాళ్ళల్లో మన ఊరోళ్ళు ఎవురన్నా ఉండారా?"

"ఎవురూ లేరు."

"అందుకేలే నీకు లెక్క తెలీలా," అంది.

నా విరామంలో ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. ఆమె ఫోన్ పెట్టేసింది.